చక్రం కింద మట్టి, మట్టి కింద తూము

వరి కోతల రోజుల్లో ధాన్యం నింపుకున్న లారీ పంటబోదె మీది కల్వర్టును దాటిపోతుంటే ఎవరూ తలెత్తి చూడరు. రోడ్డుకు ఇటొకటి అటొకటి మోకాలెత్తు గోడలు, వాటి మధ్య తారు రోడ్డు, అంతే. గట్టు దిగి వంగి చూస్తే గుండ్రటి సిమెంటు తూము కనబడుతుంది. దాని గోడ మందం జానెడు కూడా ఉండదు. ఆ గోడలో సన్నటి ఇనుప చువ్వలు. దాని మీదుగా పాతిక, ముప్ఫై టన్నుల బండ్లు పగలూ రాత్రీ తిరుగుతూనే ఉంటాయి. అయినా చాలా తూములు దశాబ్దాల తరబడి చెక్కుచెదరవు. కొన్ని మాత్రం రెండో వానాకాలానికే పైకప్పు పొడవునా బీట వారతాయి. ఒకే యార్డులో తయారై ఒకే లారీలో వచ్చిన పైపులకు ఈ రెండు గతులూ పట్టవచ్చు. పైపు ఒకటే అయినప్పుడు తేడా దాని చుట్టూ ఉన్న మట్టిలో ఉంది.

భూమిలో పూడ్చిన కల్వర్టును మనం కాంక్రీటు కట్టడంగానే లెక్కేస్తాం. బిల్లులో పైపుల సంఖ్యే కనిపిస్తుంది, కంటికీ పైపే కనిపిస్తుంది. నిజానికి అది మట్టీ కాంక్రీటూ వాటాలు పంచుకుని మోసే కట్టడం. ఎవరి వాటా ఎంతన్నది తూము ఎంత లోతున ఉంది, కందకం ఎంత వెడల్పున తవ్వారు, అడుగున ఏం పరిచారు, పక్కల్లో దిమ్మిస ఎలా కొట్టారు అన్నవాటిని బట్టి తేలుతుంది.

ముందు చక్రం సంగతి. కేంద్ర ప్రభుత్వం 2018 జులైలో లారీల ఇరుసు బరువు పరిమితిని పెంచింది. నాలుగు టైర్లున్న ఒంటి ఇరుసుకు అంతకుముందు 10.2 టన్నులుండేది 11.5 టన్నులైంది. అంటే ఒక పక్క జంట టైర్ల మీద 5.75 టన్నులు. ఆ జంట రోడ్డును తాకే జాగా, టైర్ల మధ్య సందుతో కలిపి, సుమారు అరమీటరు వెడల్పు, పావు మీటరు పొడవు. ఇంత చిన్న చోట అంత బరువంటే చదరపు మీటరుకు 46 టన్నుల చొప్పున నొక్కుతున్నట్టు లెక్క.

ఈ నొక్కుడు మట్టిలోకి దిగేకొద్దీ పక్కలకు విచ్చుకుంటుంది. ఒక్కో రేణువు తన మీది బరువును కిందున్న రెండు మూడు రేణువులకు పంచుతుంది, అవి తమ కిందివాటికి పంచుతాయి. ఈ పంపకాన్ని మొదట గణితంలో పెట్టినవాడు ఫ్రెంచి శాస్త్రవేత్త జోసెఫ్ బూసినెస్క్. 1885లో ఆయన చూపిన సూత్రం ప్రకారం, ఒక బిందువు దగ్గర మోపిన బరువుకు సరిగ్గా కింద పుట్టే ఒత్తిడి లోతు వర్గానికి విలోమంగా తగ్గుతుంది. లోతు రెట్టింపైతే ఒత్తిడి నాలుగో వంతే మిగులుతుంది. చేతి లెక్కలకు ఇంజనీర్లు ఇంకా తేలికైన పద్ధతి వాడతారు: రెండు మీటర్లు కిందికి దిగితే బరువు ఒక్కో పక్కకు ఒక మీటరు చొప్పున విస్తరిస్తుందని అనుకుంటారు. ఉజ్జాయింపే అయినా, విషయం అర్థం కావడానికి ఇది చాలు.

ఆ పద్ధతిలో మన 5.75 టన్నుల జంట చక్రాన్ని కిందికి దించుకుంటూ పోదాం. 30 సెంటీమీటర్ల లోతున చదరపు మీటరుకు 13 టన్నులు. 60 సెంటీమీటర్లకు 6 టన్నులు. మీటరు లోతుకు 3 టన్నులు. రెండు మీటర్లకు ఒక్క టన్ను. పైన 46గా మొదలైనది రెండు మీటర్ల మట్టిలోనే ఇంతగా కరిగిపోయింది. లోతుకు వెళ్ళేకొద్దీ అవతలి పక్క చక్రం, వెనక ఇరుసు ఒత్తిళ్ళు కూడా వచ్చి కలుస్తాయి కాబట్టి అసలు అంకెలు కాస్త పెరుగుతాయి, కానీ కథ మారదు.

అలాగని లోతు పెంచుకుంటూ పోతే సరిపోదు. మట్టికీ బరువుంది. గట్టిపడిన మట్టి ఘనపు మీటరు సుమారు 1.8 టన్నులు తూగుతుంది. మీటరు మందం మట్టి చదరపు మీటరుకు 1.8 టన్నులు మోపితే, మూడు మీటర్లది 5.4, ఐదు మీటర్లది 9. చక్రం ఒత్తిడినీ మట్టి బరువునూ కలిపి చూస్తే 30 సెంటీమీటర్ల దగ్గర మొత్తం 13.6 టన్నులు, మీటరు దగ్గర 4.9, మీటరున్నర దగ్గర 4.3, మూడు మీటర్ల దగ్గర మళ్ళీ పెరిగి 5.9, ఐదు మీటర్ల దగ్గర 9 దాటుతుంది. తక్కువ లోతులో తూముకు శత్రువు లారీ, ఎక్కువ లోతులో శత్రువు మట్టి. రెండూ మెత్తబడే నడిమి జాగా మీటరు నుంచి రెండు మీటర్ల దాకా ఉంది. మన ఊళ్ళ రోడ్ల కింది తూములు చాలావరకు ఈ జాగాకు పైనే, అంటే చక్రానికి మరీ దగ్గరగా ఉంటాయి. రోడ్డు ఎత్తు పెంచడానికి డబ్బుండదు, బోదె మట్టాన్ని దించడానికి వీలుండదు. పైపు మీద కనీసం 60 సెంటీమీటర్ల మట్టి ఉండాలని ఇంజనీర్లు పట్టుబట్టడానికి కారణం పై లెక్కలోనే ఉంది: 30 నుంచి 60కి చేరితే చక్రం ఒత్తిడి సగానికి పైగా పడిపోతుంది.

కదిలే బండి ఇంకో సంగతి తెస్తుంది. గుంతలో పడి లేచిన చక్రం తన బరువుకు మించి కొడుతుంది. వంతెనల లెక్కల్లో ఈ దెబ్బకు అదనంగా కొంత శాతం కలుపుతారు. పూడ్చిన కల్వర్టు దగ్గర మట్టి ఈ దెబ్బను కూడా మింగుతుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నియమావళి ప్రకారం రోడ్డు పొరలతో కలిపి 60 సెంటీమీటర్ల కప్పు ఉంటే ఆ అదనపు శాతాన్ని సగానికి తగ్గించి లెక్కించవచ్చు. అమెరికా వంతెనల నియమావళిలో పూడ్చిన కట్టడాలకు ఇది పైన 33 శాతంతో మొదలై, ఎనిమిది అడుగుల లోతుకు చేరేసరికి సున్నా అవుతుంది. ఇక్కడ గమనించాల్సిందల్లా, కల్వర్టుకు ముందు రోడ్డు కుంగి మెట్టు ఏర్పడితే ఆ దెబ్బ సరిగ్గా తూము నెత్తినే పడుతుంది. ఆ మెట్టును పూడ్చడం ప్రయాణికుల నడుం నొప్పి కోసమే చేసే పని కాదు, తూము ప్రాణం కోసం కూడా.

ఇంతవరకూ తూము మీదికి ఎంత వస్తుందో చూశాం. వచ్చినదాన్ని తూము ఎలా తట్టుకుంటుందన్నదే అసలు శాస్త్రం.

గాజు గాజును రెండు వేళ్ళ మధ్య పైనా కిందా పట్టి నొక్కితే చిట్లుతుంది. కాంక్రీటు వలయానిదీ అదే గుణం. పైనుంచి ఒత్తిడి పడగానే గుండ్రటి తూము కంటికి కనిపించనంతగా అణగి, అడ్డంగా ఉబ్బుతుంది. అప్పుడు నెత్తిన లోపలి వైపూ, అడుగున లోపలి వైపూ కాంక్రీటు సాగుతుంది. పక్కల్లో అయితే బయటి వైపు సాగుతుంది. కాంక్రీటు నొక్కితే ఓర్చుకుంటుంది, లాగితే ఓర్చుకోదు. అందుకే పగుళ్ళు ఎప్పుడూ ఈ నాలుగు చోట్లే మొదలవుతాయి, ఇనుప చువ్వల పంజరాన్ని ఉంచేదీ ఆ లాగుడును పట్టుకోవడానికే. తూములోకి టార్చిలైటు వేసి చూసినప్పుడు కప్పు మధ్యన పొడవునా సన్నటి గీత కనిపిస్తే అది నిలువు బరువు రాసిన గీత.

అదే బరువు ఎలా మోపామన్నదాన్ని బట్టి వంపు ఎంతగా మారుతుందో చూడండి. మొత్తం బరువూ నెత్తిన ఒక గీత మీద, ఆధారమంతా అడుగున ఒక గీత మీద ఉంటే, నెత్తిన వచ్చే వంపు బలం, బరువునూ తూము వ్యాసార్ధాన్నీ గుణించగా వచ్చినదాంట్లో 0.318 వంతు. అదే బరువు తూము వెడల్పంతా సమంగా పరుచుకుని, అడుగున కూడా వెడల్పంతా ఆధారం దొరికితే ఆ వంతు 0.125కు పడిపోతుంది. బరువు ఒక్క కిలో తగ్గలేదు, కష్టం మాత్రం సగానికన్నా తక్కువైంది. ఇంకొక అడుగు ముందుకు వేసి, పక్కల మట్టి కూడా అంతే బలంగా తూమును లోపలికి నొక్కితే వంపు పూర్తిగా మాయమవుతుంది. వలయమంతా నొక్కుడే మిగులుతుంది, ఆ నొక్కుడును కాంక్రీటు అవలీలగా మోస్తుంది. పక్కల మట్టి తూముకు మద్దతుగా నిలబడుతుందన్న మాటకు అసలు అర్థం ఇదే.

ఈ జ్ఞానంలో చాలా భాగం అమెరికాలో అయోవా రైతుల పొలాల్లోంచి వచ్చింది. అక్కడి నల్లమట్టి మైదానాల్లో నీళ్ళు నిలిచిపోతుంటే రైతులు భూమిలో మట్టి గొట్టాలూ సిమెంటు గొట్టాలూ పూడ్చి నీరు బయటికి పంపేవారు. గొట్టాల సైజు పెరిగేకొద్దీ పూడ్చిన కందకాల్లోనే అవి పగలడం మొదలైంది. ఏమ్స్‌లోని అయోవా స్టేట్ కాలేజీ ఇంజనీరింగ్ విభాగాధిపతి ఆన్సన్ మార్స్టన్ ఆ సమస్యను చేతికి తీసుకున్నారు. కందకాలు తవ్వి, గొట్టాల మీదికి నిజంగా ఎంత బరువు వస్తోందో తూచి, ఆండర్సన్ అనే సహచరుడితో కలిసి 1913లో ఫలితాలు ప్రచురించారు. అంతకు 18 ఏళ్ళ ముందు జర్మనీలో యాన్సెన్ ధాన్యపు గాదెల గురించి ఒక సంగతి కనిపెట్టి ఉన్నాడు. గాదెలో ధాన్యం ఎంత ఎత్తుకు పోసినా అడుగు మీద పడే బరువు ఒక హద్దు దాటదు, మిగతాది రాపిడి వల్ల గోడలు మోస్తాయి. కందకంలో పోసిన మట్టికీ ఇదే వర్తిస్తుందని మార్స్టన్ గ్రహించారు. కొత్తగా పోసిన మట్టి కిందికి కుంగబోతుంటే కందకపు పాత గోడలు దాన్ని రాపిడితో పట్టి ఆపుతాయి. తూము మీదికి మట్టి పూర్తి బరువు రాదు.

ఇందులో ఇమిడి ఉన్న హెచ్చరిక మన దగ్గర రోజూ ఉల్లంఘనకు గురవుతోంది. గోడలు దగ్గరగా ఉంటేనే వాటి సాయం. కందకం వెడల్పయ్యేకొద్దీ రాపిడి వాటా తగ్గి తూము మీది బరువు పెరుగుతుంది, లోతైన కందకాల్లో అయితే ఇంచుమించు వెడల్పు వర్గం చొప్పున. పలుగూ పారతో తవ్విన కాలంలో కూలీలు అవసరానికి మించి ఒక్క జానెడు కూడా తవ్వేవారు కాదు. ఇప్పుడు జేసీబీ బకెట్టు రెండుసార్లు ఎక్కువ తిప్పితే కందకం తూముకు రెండింతలవుతుంది. తొందరగా అయిపోయిందని సంతోషిస్తాం. ఆ అదనపు మట్టి బరువును తూము తన జీవితకాలమంతా మోస్తుంది.

కొత్తగా ఎత్తు పోసే రోడ్డు గట్టు కింద పరిస్థితి తలకిందులు. అక్కడ కందకమే లేదు. తూము గట్టిది, పక్కల మట్టి మెత్తనిది. పక్క మట్టి ఎక్కువగా కుంగుతూ తూము మీది మట్టిని కూడా తనతో కిందికి లాగుతుంది. తూము నెత్తిన సరిగ్గా ఉన్న మట్టి బరువుకన్నా ఎక్కువే దానిమీద పడుతుంది. గట్టిదనమే శిక్ష అయిన చోటు ఇది. దీనికి మార్స్టన్ చెప్పిన ఉపాయం నాకు ఎప్పుడూ ముచ్చటగా అనిపిస్తుంది: తూము నెత్తిన కావాలనే గడ్డి లాంటి మెత్తని పొర వేయాలి. అది నలిగి కుంగితే పైమట్టి బరువు పక్కలకు మళ్ళుతుంది. నార్వేలో ఎత్తైన గట్ల కింద ఇదే పనికి థర్మోకోల్ దిమ్మలు వాడి, ఒత్తిడి కొలిచి, పని చేస్తోందని చూపించారు.

మార్స్టన్ శిష్యుడు మెర్లిన్ స్పాంగ్లర్ తూము అడుగు సంగతి పట్టుకున్నారు. 1933లో ఆయన ప్రచురించిన పరిశోధన నుంచి వచ్చిన తూము పరుపు తరగతులు, అంటే అడుగున ఏం పరిచారన్నదాన్ని బట్టి చేసే విభజన, నేటికీ వాడుకలో ఉన్నాయి. ముందు యార్డులో పరీక్ష ఎలా చేస్తారో చూడాలి. పైపును రెండు సన్నటి ఆధారపు పట్టీల మీద పడుకోబెట్టి, నెత్తిన ఇంకో పట్టీ మీదుగా యంత్రంతో నొక్కుతారు. ఇన్‌స్పెక్టరు లైటు పట్టుకుని పైపు లోపలికి చూస్తుంటాడు. ఒక దశలో నెత్తిన వెంట్రుక లాంటి గీత పుడుతుంది. సన్నటి రేకు కొలబద్దను అందులో దూర్చి చూస్తారు. పగులు 0.25 మిల్లీమీటర్లు తెరుచుకున్నప్పుడు ఉన్న బరువును నమోదు చేస్తారు. భారతీయ ప్రమాణం ఐఎస్ 458లో ఎన్‌పీ2, ఎన్‌పీ3, ఎన్‌పీ4 అని పైపులను వర్గీకరించినప్పుడు చూసేవాటిలో ఈ బలం ఒకటి. తేలికపాటి రాకపోకలకు ఎన్‌పీ2, మధ్యరకానికి ఎన్‌పీ3, రైలు లాంటి భారీ బరువులకు ఎన్‌పీ4. పరీక్షలో గీతల మీదే ఆధారం కాబట్టి తూముకు అంతకన్నా కఠినమైన స్థితి భూమిలో సాధారణంగా ఉండదు.

భూమిలో అది ఎంత నయమవుతుందన్నదే స్పాంగ్లర్ కొలిచింది. చదునైన నేల మీద పైపును అలాగే పడేసి మట్టి కప్పితే అది యార్డు పరీక్షలో మోసినదానికి సుమారు 1.1 రెట్లు మాత్రమే మోస్తుంది. అడుగున ఇసుకో గుల్ల కంకరో పరిచి, తూము గుండ్రానికి తగ్గట్టు ఒదిగించి, పక్కల్లో బాగా దిమ్మిస కొడితే 1.9 రెట్లు. అడుగున కాంక్రీటు దొన్నె కట్టితే అంతకన్నా ఎక్కువ. అదే పైపు, అదే ఖరీదు. మంచి పరుపు దాని బలాన్ని 70 శాతం పెంచింది. ఎన్‌పీ3 తీసి ఎన్‌పీ4 పెట్టండని ఊరివాళ్ళు ధర్నా చేయడం చూశాం. పరుపు గురించి ఎవరూ అడగరు, అడగాల్సింది అదే.

అన్నిటికన్నా నిర్లక్ష్యానికి గురయ్యే చోటు తూము పక్కల అడుగు భాగం. గుండ్రటి పొట్ట కింద నేలకూ తూముకూ మధ్య మూలలా మిగిలే ఆ సందులోకి పార దూరదు, రోలరు చక్రం అసలే చేరదు. పైనుంచి మట్టి గుమ్మరిస్తే అది ఆ సందుకు తడికలా అడ్డం పడి లోపల ఖాళీ వదిలేస్తుంది. అప్పుడు తూము మళ్ళీ యార్డు పరీక్ష స్థితికి వచ్చేస్తుంది: అడుగున సన్నటి గీతల మీదే ఆధారం. మేస్త్రీ సన్నటి కర్రతో ఇసుకను ఆ సందులోకి కుక్కించుకుంటూ, నీళ్ళు చల్లించుకుంటూ పోతే అరగంట ఎక్కువ పడుతుంది. ఆ అరగంటలో తూముకు వచ్చే ఆయుష్షును ఇంకే పనీ ఇవ్వదు. రెండు పక్కలా సమంగా, 15 సెంటీమీటర్ల పొరలుగా లేపాలి. ఒక పక్కే నింపితే తూము పక్కకు జరిగి అతుకులు తెరుచుకుంటాయి.

ఆ సందుల్లో పోసే మట్టి ఏదన్నది ఇంకో ప్రశ్న. నల్లరేగడి తవ్విన చోట తవ్విన మట్టినే తిరిగి పోయడం సులువు, చౌక. రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు బిగిసి నెర్రెలిస్తుంది. వానాకాలం తూమును పక్కల నుంచి నొక్కి, వేసవికి వదిలేస్తుంది. తూముకు కావాల్సింది ఏడాది పొడవునా ఒకేలా నిలబడే పక్క బలం. మొరం, ఇసుక, గ్రావెల్ ఏదైనా బయటి నుంచి తెచ్చి పోయాల్సిందే.

పెట్టె ఆకారపు బాక్స్ కల్వర్టుల్లో లెక్క కొంత మారుతుంది. పైపలక మధ్యన కింది వైపు సాగుతుంది, మూలల్లో బయటి వైపు సాగుతుంది, అడుగు పలక నేల తిరిగి నెట్టే ఒత్తిడికి పైకి వంగబోతుంది. మట్టి కప్పు లేకుండా పైపలకే రోడ్డయితే అది నేరుగా వంతెన లాంటిదే. పక్క గోడల దగ్గర ఇంకో విశేషం ఉంది. కల్వర్టు మీదికి ఇంకా ఎక్కని లారీ కూడా, గోడ వెనక మట్టి మీద నిలబడి గోడను లోపలికి నెడుతుంది. దీన్ని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పద్ధతిలో 1.2 మీటర్ల అదనపు మట్టి ఉన్నట్టు భావించి లెక్కకడతారు. బాక్సు అడుగు మొత్తం ఒకే పలక కాబట్టి రేగడి లాంటి బలహీన నేలల్లో బరువు విశాలంగా పరుచుకుని అది మెరుగ్గా నిలుస్తుంది. పైపుకు ఆ సదుపాయం లేదు. రెండున్నర మీటర్ల ముక్కలు నాలుగైదు కలిపి పేర్చిన వరుస అది. చక్రం ఒక ముక్క చివర నుంచి పక్క ముక్క మీదికి మారేటప్పుడు ముందు ఒకటి, తర్వాత ఇంకొకటి అణుగుతాయి. అడుగు సమంగా లేకపోతే ఆ అతుకు సిమెంటు ప్రతి బండికీ కాస్త నలుగుతుంది.

అతుకు వదులైతే నీరు రంగంలోకి దిగుతుంది. వరదప్పుడు తూము నిండి, అతుకుల్లోంచి నీరు పక్క మట్టిలోకి చొరబడుతుంది. వరద తీయగానే అదే నీరు వెనక్కి వస్తూ సన్నటి మట్టిని లోపలికి ఈడ్చుకొస్తుంది. కొన్ని వరదల తర్వాత తూము పక్కన గుల్ల ఏర్పడుతుంది. పైన తారు ఇంకా బాగానే ఉంటుంది. పక్కల బలం పోయిన తూము మీద మాత్రం అంతకుముందు మోసిన బరువే ఇప్పుడు చాలా ఎక్కువైపోతుంది. రోడ్డుకు అడ్డంగా, సరిగ్గా తూము గీత మీద పల్లం కనిపిస్తోందంటే తారు తప్పు అనుకుని పైన ఇంకో పొర పోసి ఊరుకోకూడదు. ముందు తూములోకి దిగి అతుకులు చూడాలి. లోపల కుప్పగా ఎర్రమట్టి పేరుకుని ఉంటే అది వాగు తెచ్చిన ఒండ్రు కాకపోవచ్చు, రోడ్డు కింది నుంచి రాలిన మట్టి కావచ్చు.

పగులు కనిపించిన ప్రతి తూమూ చచ్చినట్టు కాదని కూడా చెప్పాలి. కాంక్రీటులో చువ్వలు పని మొదలుపెట్టాలంటే కాంక్రీటు కాస్త సాగాలి, కాబట్టి వెంట్రుకంత పగులు సహజం. తడి తగులుతుంటే సన్నటి పగుళ్ళలో తెల్లటి సున్నపు పొర పేరుకుని అవి తమంతట తామే పూడుకోవడమూ ఉంది. భయపడాల్సింది వెడల్పవుతున్న పగులును చూసి, తుప్పు మరక కారుతున్న పగులును చూసి, అతుకు దగ్గర ఒక పైపు మరోదానికన్నా కిందికి దిగడం చూసి.

తూము జీవితంలో అతి గడ్డు రోజు చాలాసార్లు రోడ్డు తెరవకముందే వస్తుంది. పైపులు దించి, పైన మూరెడు మట్టి కూడా పడకముందే అదే దారిన కంకర టిప్పర్లు తిరుగుతాయి, కంపించే రోలరు నెత్తిమీదికి ఎక్కుతుంది. 30 సెంటీమీటర్ల దగ్గర ఎంత ఒత్తిడి వస్తుందో పైన చూశాం, అదీ చట్టబద్ధమైన బరువుకే. ఆ రోజు నెత్తిన పడిన పగులు మీద తర్వాత మీటరు మట్టి పోస్తారు, తారు వేస్తారు, రిబ్బను కత్తిరిస్తారు. కాబట్టి పైన కప్పు పూర్తయ్యేదాకా తూము మీదుగా బండి తిరగకుండా పక్కన మళ్ళింపు దారి వేయడం, దగ్గరి పొరల్లో పెద్ద రోలరు మాని చేతి దిమ్మిసో చిన్న కాంపాక్టరో వాడడం, కప్పు పోసేముందు ప్రతి పైపులోకి లైటు వేసి చూసి గీతలుంటే రాసుకోవడం పని ఒప్పందంలోనే ఉండాలి. పగిలిన పైపును మార్చడం ఆ రోజు ఒక్క క్రేను పని. ఏడాది తర్వాత రోడ్డు తవ్వి, రాకపోకలు ఆపి, బోదెకు అడ్డుకట్ట వేసి చేయాల్సిన పని.